తిట్టు మానితే సరిపోతుందా? పాలమూరు సంఘాల్లో మాట మర్యాద

అప్పు తగాదానో గెట్టు తగాదానో పంచాయితీకి ఎక్కిందంటే పాలమూరు పల్లెల్లో చివరికి తేలేది ఒట్టు దగ్గరే. ఒకరు పిల్లల తల మీద చెయ్యి పెడతారు, ఇంకొకరు గుడి ముందర కర్పూరం ఆర్పుతారు. ఎదుటివాడు చర్చికి పోయేవాడైతే "బైబిలు ముట్టి చెప్పు" అంటారు పెద్దమనుషులు. అతను ముట్టి చెబుతాడు, తగాదా తెగుతుంది. అసలు ఒట్టే పెట్టుకోవద్దని యేసు చెప్పినట్టు మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ఉంది. యాకోబు పత్రిక చివరి అధ్యాయంలోనూ అదే మాట ఉంది. ఒట్టు వద్దన్న పుస్తకం మీదే చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తున్నారన్నమాట. ముట్టినవాడికి గానీ ముట్టించినవాళ్లకు గానీ అందులో తిరకాసు కనబడదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సంఘాల్లో తరచూ వినబడే ప్రసంగాంశాల్లో నోటి శుద్ధి ఒకటి. బూతు మాట్లాడొద్దు, శపించొద్దు, చాడీలు చెప్పొద్దు, దేవుని పేరు ఊరికే ఎత్తొద్దు. బాగానే ఉంది. కానీ ఈ నేల మీద క్రైస్తవుల మాటకున్న చరిత్ర ఆ జాబితాలో ఇమడదు. ఎవరు ఎవరిని ఏమని పిలవాలి, ఎవరి మాటకు ఎంత విలువ, ఏ పేరు ఏ రిజిస్టరులో ఎక్కాలి అన్న ప్రశ్నలన్నీ అందులోవే. సంఘం వాటిలో చిన్నదాన్ని గట్టిగా పట్టుకుని పెద్దవాటిని జారవిడిచిందని నాకనిపిస్తుంది.

ఇక్కడి క్రైస్తవంలో పెద్ద పాయ మెనొనైట్ బ్రెదరన్ వాళ్లది. ఊళ్లో ఎం.బి. చర్చి అంటే చాలు. దాని వేళ్లు 16వ శతాబ్దపు యూరప్‌లో ఉన్నాయి. పసిపిల్లల బాప్తిస్మం చెల్లదని, కత్తి పట్టకూడదని, ఒట్టు పెట్టకూడదని పట్టుబట్టిన అనాబాప్టిస్టులు 1527 ఫిబ్రవరిలో ష్లైట్‌హైం అనే ఊళ్లో కూడి ఏడు అంశాల ఒప్పందం రాసుకున్నారు. ఏడోది పూర్తిగా ఒట్టు గురించే. దాన్ని రాసినవాడని చెప్పే మైఖేల్ సాట్లర్‌ను ఆ మే నెలలోనే విచారించి, నాలుక కోసి, కాల్చి చంపారు. పాలకుల ముందు ప్రమాణం చెయ్యకూడదని బోధించాడన్నది అతని మీద మోపిన నేరాల్లో ఒకటి. పట్నాల్లో పౌరులందరి చేతా విధేయతా ప్రమాణం చేయించుకునే కాలమది. ఒట్టు వేయనన్నవాడు రాజద్రోహి కింద లెక్క.

ఆ పరంపరలో మెనో సైమన్స్ పేరు మీద మెనొనైట్లు ఏర్పడ్డారు. వాళ్లలోంచి 1860లో దక్షిణ రష్యాలో మెనొనైట్ బ్రెదరన్ విడివడింది. ఆ శాఖకు చెందిన అబ్రాహాం ఫ్రీజెన్ 1889లో బయల్దేరి నల్లగొండ ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేశాడు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చాడు. డి.ఎఫ్. బెర్గ్‌థోల్డ్ 1906లో నాగర్‌కర్నూలులో, ఎఫ్.ఎ. జాన్జెన్ 1915లో వనపర్తిలో మిషన్లు పెట్టారు. గద్వాల మొదట బాప్టిస్టులది, 1937లో వీళ్ల చేతికి వచ్చింది. బడులు, బోర్డింగులు, జడ్చర్లలో ఆస్పత్రి వచ్చాయి. సారా మానాలి, బూతు మానాలి అన్న కట్టుబాట్లు పల్లె సంఘం దాకా గట్టిగానే దిగాయి. వాళ్ల పూర్వీకులు నాలుక కోయించుకున్న ఒట్టు సంగతి మాత్రం అంత గట్టిగా దిగలేదు.

ఎందుకు దిగలేదో ఊహించవచ్చు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ హయాంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి తెలుసు. చేరే మాదిగ కుటుంబాలకు ఆయన పెట్టిన షరతులు మూడే: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మాట గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆదివారం పనికి రానంటే ఆసామితో తగాదా, చచ్చిన గొడ్డు ముట్టనంటే ఊరితో తగాదా. ఆ మనుషుల ముందున్న పరీక్షలు అవి. ఒట్టు పెట్టనని భీష్మించాలంటే ముందు ఎవరో ఒకరు నీ సాక్ష్యం అడగాలి. భూమీ పట్టా లేనివాణ్ని, మాట అక్కరకు రాదని ముందే తేల్చేసినవాణ్ని కచేరీ ఎందుకు పిలుస్తుంది?

కానీ మాటలో ఇంకో మార్పు వచ్చింది. దాన్ని ఏ మిషనూ నియమాల పట్టికలో రాసుకున్నది కాదు. గద్వాల, వనపర్తి రెండూ నిజాం కింద సంస్థానాలు. కవి పండితులను పిలిచి సత్కరించిన ఊరు కాబట్టి గద్వాలను 'విద్వద్గద్వాల' అన్నారు. కోటలో అంత పదును తేలిన తెలుగు నడుస్తున్న రోజుల్లోనే ఊరి బయట వాడలో మనిషిని పిలిచే తీరు వేరుగా ఉండేది. ఊళ్లో మిగతా కులాల మధ్య వరసలు నడిచేవి: మామా, బావా, కాకా, పెద్దమ్మా. మాదిగవాడ మొదట్లో ఆ వరసలు ఆగిపోయేవి. అరవై ఏళ్ల మనిషిని పదేళ్ల పిలగాడు పేరు చివర 'గా' తగిలించి ఒరే అనేవాడు. అటు నుంచి వచ్చే జవాబు "బాంచెన్ దొరా". మర్యాద కిందినుంచి పైకి ఎక్కేదే తప్ప పైనుంచి కిందికి దిగేది కాదు.

ఆ వాడ మనుషులు బాప్తిస్మం తీసుకున్నాక ఒకరినొకరు పిలుచుకునే తీరు చూడండి. సమూయేలుగారు, ఏసోబుగారు, రత్నమ్మగారు. వందనాలయ్యా, వందనాలమ్మా. బోర్డింగులో చదివి పంతులై వచ్చినవాణ్ని ఒరే అనడానికి ఊరు కూడా కాస్త జంకింది. అయ్యగారంటే అప్పటిదాకా బ్రాహ్మడో భూస్వామో. ఇప్పుడు వాడలో పుట్టిన పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. నోటి విషయంలో ఈ జిల్లాల క్రైస్తవం సాధించింది ఏదైనా ఉంటే ఇదే పెద్దదంటాను. బూతు మానడం దీని ముందు ఏపాటి? (మిషనరీలను మాత్రం అందరూ దొరగారు, దొరసాని అనే పిలిచారు. బాంచెన్ పోయింది గానీ దొర అంత తొందరగా పోలేదు.)

ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దపు క్వేకర్లు ఇదే ప్రశ్నను తలకిందులుగా పరిష్కరించారు. అప్పటి ఇంగ్లీషులోనూ పెద్దవాళ్లను మీరు, చిన్నవాళ్లను నువ్వు అనే తేడా ఉండేది. జార్జ్ ఫాక్స్ అనుచరులు జడ్జినీ జమీందారునూ కూడా నువ్వు అన్నారు. టోపీ తియ్యలేదు, కోర్టులో ఒట్టు వెయ్యలేదు. వాళ్లను దండించడానికే 1662లో ఒక చట్టం చేశారు. ఒట్టు బదులు వట్టి ధ్రువీకరణ చాలని 1696లో పార్లమెంటు దిగివచ్చింది. వాళ్లు అందరినీ నువ్వు దాకా దించి సమానం చెయ్యబోతే, పాలమూరు వాడ అందరినీ గారు దాకా ఎత్తి సమానం చెయ్యబోయింది. మర్యాద దండిగా చెలామణీ అయ్యే చోట దాన్ని వదులుకోవడం సాక్ష్యం. ఎన్నడూ అందనివాళ్లకు అందుకోవడమే సాక్ష్యం.

ఈ లెక్కలో పోగొట్టుకున్నదీ ఒకటుంది. తెలుగు మాదిగల్లో మాతంగి అనే స్థానం ఉండేది. అమ్మవారు పూనిన మాదిగ స్త్రీ జాతరలో ఆడుతూ పై కులాల పెద్దలను మొహం మీదే తిడుతుంది, ఉమ్ముతుంది. వాళ్లు కిక్కురుమనకుండా పడతారు, పడితేనే శుద్ధి అనుకుంటారు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో మాదిగల మీద అచ్చేసిన పుస్తకంలోనూ, ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లోనూ దీని వర్ణన ఉంది. ఏడాదికి ఒక్కరోజు కింది నోరు పైవాణ్ని తిట్టవచ్చని ఊరు ఇచ్చిన సెలవు అది. క్రైస్తవులైనవాళ్లు విగ్రహాలతో పాటు దీన్నీ వదిలేశారు. తప్పుపట్టను, ఆ ఒక్కరోజు తిట్టుతో మిగిలిన రోజులు మారిందీ లేదు, మాతంగి బతుకు బాగుపడిందీ లేదు. అయితే తిట్టు అనగానే వాడ నోటినే వేలెత్తి చూపే ప్రసంగాలు వింటున్నప్పుడు నాకు మాతంగే గుర్తొస్తుంది. తిట్టుకు కులం ఉందని, అది మామూలు రోజుల్లో ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పారేదో ఊరందరికీ తెలుసని ఆ ఆచారమే ఒప్పుకుంటోంది.

ఇక వాక్యాధారాలు. పది ఆజ్ఞల్లో మూడోది దేవుని పేరు వ్యర్థంగా ఎత్తొద్దంటుంది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో నాలుగు, అయిదు అధ్యాయాలు, కొలొస్సయుల పత్రికలో మూడు, నాలుగు అధ్యాయాలు చెడ్డమాట వదలమని, మాటలో దయ, రుచి ఉండాలని చెబుతాయి. ప్రసంగాల్లో ఎక్కువ నలిగేవి ఇవే. మత్తయి అయిదులో సోదరుణ్ని తిట్టినవాణ్ని హంతకుడి పక్కనే నిలబెట్టిన వాక్యం, యాకోబు మూడులో దేవుణ్ని స్తుతించే నోటితోనే దేవుని పోలికలో పుట్టిన మనిషిని శపించడం ఏమిటని నిలదీసిన వాక్యం అంతగా నలగవు. గమనిస్తే బైబిల్లో ఎక్కడా బూతు పదాల పట్టిక లేదు. దాని పట్టింపంతా ఆ మాట ఎవరికి తగిలిందన్నదే.

పాలమూరు మాటలో తిట్టుకూ ముద్దుకూ మధ్య గీత సన్నం. మేనమామ పిలగాణ్ని ఎత్తుకుని "నీ యవ్వ, ఎంత పెరిగినవ్‌రా" అంటే అందులో కోపం లేదు. రక్షణ పొందినవాడు దీన్ని కూడా మానాలా? మానాలనే పాస్టర్లు ఉన్నారు. ఈ సంగతిలో నేను వాళ్ల పక్షమే. మగాడు మగాణ్ని ఏమన్నా చివరకు తగిలేది ఆ మగాడి తల్లికో పెళ్లానికో చెల్లెలికో. ముద్దుగా అన్నా అక్కడికే పోతుంది. ఇంట్లో పెళ్లాన్ని 'ఏమే, ఒసేయ్' అంటూ మందిరంలో అక్కలకు వందనాలు చెప్పేవాళ్ల సంగతి కూడా ఇదే ప్రసంగంలో చేరిస్తే బాగుండును. చేర్చేవాళ్లు తక్కువ.

ఒప్పుకోలేనిది ఇంకోటి ఉంది. ప్రార్థనకు లేవగానే మనిషి భాష మారిపోతుంది. ఇంటి దగ్గర "యాడికి పోతున్నవ్", "గిట్లెందుకు జేసినవ్" అనేవాడు మోకాళ్లూనగానే "వచ్చియున్నాము, అనుగ్రహించుము" అంటాడు. తెలుగు బైబిలు 19వ శతాబ్దంలో విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్ల చేతుల మీదుగా గ్రాంథికంలో రూపు కట్టుకుంది. సంఘాల్లో పాడే కీర్తనల పుస్తకంలో పెద్ద గొంతు పురుషోత్తమ చౌదరిది (1803–1890), అదీ కోస్తాదే. టీవీ ప్రసంగీకులూ చాలావరకు అటువాళ్లే. పూజకు ఒక ప్రత్యేకమైన భాష ఉండటం అన్ని మతాల్లోనూ ఉన్నదే, దాంతో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఇంటి మాట అశుద్ధమనీ పుస్తకం మాటే శుద్ధమనీ తెలియకుండానే ఒక లెక్క స్థిరపడిపోయింది.

నడిగడ్డలో, అంటే కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల సీమలో, సీడ్ పత్తి పంట ఎక్కువ. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లేయాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అంటారు. ఒక్కో మొగ్గకూ చెయ్యి తగలాల్సిన పని, ఎక్కువగా చేసేది ఆడవాళ్లు, పిల్లలు. సాలు వెంబడి నడుస్తూ ఆర్గనైజరు కిందటేడు బాకీ ఎట్లా ఎగ్గొట్టిందీ, మళ్లీ అడిగితే ఏ మొహం పెట్టిందీ, తనేమన్నదీ ఒక మనిషి చెబుతుంటే పక్క సాళ్లలోవాళ్లు చేతులాపి వింటారు. ఆ మనిషినే సాయంత్రం స్త్రీల కూడికలో "అక్కా, నువ్వు ప్రార్థన చెయ్యి" అంటే "నాకు ప్రార్థన రాదు" అంటుంది. రానిది ప్రార్థనా, "వచ్చియున్నాము" అనే భాషా? నాగర్‌కర్నూలు జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన పాటకు బలమంతా ఈ నేల మాటే. అకాడమీకి పనికొచ్చిన మాట దేవుడికి పనికిరాదా?

పనిలో పనిగా ఒక చిన్న సంగతి. తెలుగు క్రైస్తవుడు దేవుణ్ని 'నీవు' అంటాడు, పాస్టరును 'మీరు' అంటాడు. ఈమధ్య దేవుణ్ని కూడా మీరు అనడం మొదలైంది. పోనీలెండి, సమానమయ్యారు.

ఏవేం మానాలో చెప్పే ఈ జాబితాల గొడవకు ఒక సిద్ధాంతం తయారైంది కూడా ఈ మిషన్ ఇంట్లోనే. మెనొనైట్ బ్రెదరన్ మిషనరీల కుటుంబంలో పుట్టి, తానూ ఇక్కడ మిషనరీగా పనిచేసి, తర్వాత మానవశాస్త్రవేత్త అయిన పాల్ హీబర్ట్ (1932–2007) పాలమూరు పల్లె మీద 1971లో 'కొండూరు' అనే పుస్తకం తెచ్చాడు. 1978లో రాసిన ఒక వ్యాసంలో పాపయ్య అనే రైతును ఊహించుకుని అడిగాడు: చదువు రాదు, సువార్త విన్నది ఒక్కసారే, మరి పాపయ్య క్రైస్తవుడవుతాడా? గీత గీసి, దాని లోపల ఉన్నవాడే మనవాడు అనే పద్ధతి ఒకటి. ఆ గీతంటే సారా తాగకపోవడం, బూతాడకపోవడం వంటివే. మధ్యలో ఒక కేంద్రం పెట్టి, మనిషి మొహం అటు తిరిగిందా లేదా అని చూసే పద్ధతి ఇంకోటి. రెండోదాని ప్రకారం పాపయ్య నోట్లో ఇంకా పాత మాట దొర్లుతున్నా అతను నడిచే దిక్కు మారి ఉండవచ్చు. ప్రపంచంలో చాలా సెమినరీల్లో ఈ వాదన పాఠంగా చెబుతారు. పాలమూరు సంఘాలు మాత్రం ఇంకా మొదటి పద్ధతినే నమ్ముకున్నాయి. నన్నడిగితే దానికీ ఒక న్యాయం ఉంది. వాడ మనిషి మారాడని ఊరు ఒప్పుకోవాలంటే ఊరికి కనబడేది, వినబడేది ఏదో ఒకటి ఉండాలి. నోరు మారడం చెవికి వినబడుతుంది. మొహం తిరగడం ఎవరికి కనబడుతుంది?

మారిన నోటికి పనిలో ఎదురయ్యే పరీక్ష వేరు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, ఇప్పుడు హైదరాబాదు అపార్టుమెంట్లు. అడ్వాన్సు తీసుకుని గుంపుగా పోయినచోట మేస్త్రి మాటే చట్టం, ఆ మాటలో సగం తిట్లే. తిట్టకపోతే పని సాగదని మేస్త్రిల నమ్మకం. ఈ మేస్త్రిల్లో సంఘానికి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆదివారం సాక్ష్యం చెప్పి సోమవారం గుంపు మీద నోరు పారేసుకునేవాణ్ని ఏ సంఘమైనా ప్రభువు బల్లకు దూరం పెట్టిందా? సారా తాగినవాణ్ని పెడతారు. తిట్టు పాపమేనని అందరూ అంటారు గానీ, కూలి మీద తిట్టు పని కింద జమ అయిపోతుంది.

ఇతరుల దేవుళ్ల విషయంలో నోరు ఎట్లా ఉండాలన్నది ఒకప్పుడు సంతల్లో, జాతరల్లో చేసే వీధి ప్రసంగాల సమస్య. ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. యూట్యూబ్‌లో డిబేట్ల పేరుతో ఇటువాళ్లు అటు దేవుణ్ని, అటువాళ్లు ఇటు దేవుణ్ని నోటికొచ్చినట్టు అంటున్నారు, ఆ ముక్కలు వాట్సాప్‌లో వాడకూ ఊరికీ చేరుతున్నాయి. మత భావాలను కావాలని గాయపరిచే మాటను నేరం చేసిన సెక్షన్ 1927లో శిక్షాస్మృతిలోకి వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 299. చట్టం సంగతి అటుంచితే, జోగులాంబ పేరు మీదున్న జిల్లాలో, జాతరకు పోయే చుట్టాలున్న ఇళ్లలో బతికే క్రైస్తవుడికి ఇది సిద్ధాంతం గొడవ కాదు. అక్క ఇంట్లో బోనం, తమ్ముడి ఇంట్లో బైబిలు. వాళ్లు ఒక విస్తరి దగ్గర కూర్చోవాలి. నోటి శుద్ధి ప్రసంగంలో ఈ భాగం ఉండాల్సినంత లేదు. ఇక్కడ పాత మెనొనైట్లు నయం. కత్తి పట్టనన్నవాళ్ల మాటకు కత్తి పదును ఉండకూడదు కదా.

చివరగా అన్నిటికంటే ముళ్ల కంప లాంటి విషయం. కులం పేరుతో తిట్టడం ఎస్సీ, ఎస్టీల రక్షణకు తెచ్చిన 1989 చట్టం ప్రకారం నేరం. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో నలుగురి ఎదుట ఎస్సీ, ఎస్టీలను కులం పేరెత్తి తిట్టడాన్ని విడిగా కూడా పేర్కొన్నారు. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. క్రైస్తవులైన దళితులు రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఒక శాతం రిజర్వేషను. వాడలో ఇద్దరన్నదమ్ములను ఒకడే ఒకే తిట్టు తిడితే, గుడికి పోయే తమ్ముడికి చట్టం అడ్డుంటుంది, చర్చికి పోయే అన్నకు ఉండదు. ఒక పాస్టరు పెట్టిన కేసులో 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ మాటే చెప్పింది, మతం మారాక ఆ చట్టం కింద రక్షణ కోరలేరని. తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెటు చూసి తిట్టడు.

అందుకే చాలా ఇళ్లలో పిల్లలకు రెండు పేర్లు. బడి హాజరుపట్టీలో, కులం సర్టిఫికెటులో ఒకటి, సంఘం రిజిస్టరులో ఒకటి. నమ్మకం ఒకటై, రిజర్వేషను కోసం కాగితం మీద మతం ఇంకోటి చూపడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక క్రైస్తవ మహిళ కేసులో కటువుగానే అంది. ఒట్టు వద్దన్నచోటే ఉన్న, అవునంటే అవునన్నట్టే ఉండాలన్న బోధకు ఇంతకంటే సూటి పరీక్ష లేదు. ఒట్టు దగ్గర పాత అనాబాప్టిస్టులకు ఎదురైందీ ఇటువంటిదే. రాజ్యం ఒక మాట అడుగుతుంది, విశ్వాసం ఇంకో మాట అడుగుతుంది. ఆ మాటకొస్తే ఒట్టుకు దారి దొరికింది. 1969 ప్రమాణాల చట్టంలో దైవసాక్షిగా అనే మాట బదులు మనఃపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాననే మాట కోర్టులో ఎవరైనా ఎంచుకోవచ్చు. పేరుకు అటువంటి దారి లేదు. 2022లో కేంద్రం ఈ విషయం చూడమని మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌తో కమిషన్ వేసింది. అన్యాయం మొదట ఉత్తర్వులో ఉంది, తర్వాతే వాడ మనిషి కాగితంలో. రెండెకరాల చెలక కూడా లేని తండ్రి కొడుకు ఫీజు కోసం పేరు మార్చి రాయిస్తే అతణ్ని అబద్ధికుడనడానికి నాకు నోరు రాదు.

అయితే సంఘం దీన్ని గురించి నోరు విప్పి మాట్లాడాలి. ఏం చెయ్యాలో తెలియక నలిగేవాడికి కనీసం అది పాపమో, బలవంతమో, రెండూనో చెప్పాలి. బీసీ-సి అని రాయించుకుని సీటు పోగొట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి, వాళ్లకు జవాబు ఏమిటో చెప్పాలి. నాలుక మీద, చాడీల మీద, సినిమా పాటల మీద ప్రసంగాలు బోలెడు విన్నాను. ఈ రెండు పేర్ల మీద విన్నది లేదు. ఎత్తుకుంటే ప్రసంగ పీఠం మీదున్నాయన ముందు తన పిల్లల సర్టిఫికెట్ల సంగతి చెప్పాల్సి వస్తుంది మరి.